సీఎస్‌ఈ చదివినాక పిల్లకు ఏం చేతనవుతుంది?



ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, పిట్లంలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా, కామారెడ్డిలోనైనా ఇంట్లో ఒకటే ముచ్చట. ఏ కాలేజీ? ఏ బ్రాంచి? నిజానికి బ్రాంచి గురించి వాదనే ఉండడం లేదు. సీఎస్‌ఈ. అంటే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్. అది దొరక్కపోతే, పక్కన బ్రాకెట్లో ఏఐ అనో డేటా సైన్స్ అనో రాసి ఉన్న ఇంకో సీఎస్‌ఈ.

కాలేజీ చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు ఏం అడుగుతారో నాకు తెలుసు. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఏటా వింటాను. "ఫీజు ఎంత సార్? రీయింబర్స్‌మెంట్ పోను మేమెంత కట్టాలె? హాస్టల్‌ల తిండి మంచిగుంటదా? ప్యాకేజీ ఎంత వస్తది?" అడగవలసినవే. వానాకాలం పంట పైసలు, యాసంగి పంట పైసలు కలిపి కడుతున్నప్పుడు అడగక ఎట్లా? కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రావడం లేదు. నాలుగేండ్లు చదివినాక మా బిడ్డకు ఏం చేతనవుతుంది?

ఇవాళ ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. దీన్ని ఎట్లా అడగాలి, జవాబు ఎక్కడ వెతకాలి, వచ్చిన జవాబు నిజమో కాదో ఎట్లా చూసుకోవాలి. ఇంజనీరింగ్ గడప తొక్కనివాళ్లు కూడా చేయగలిగిన పని ఇది.

ముందుగా ఒక సంగతి. కంప్యూటర్ చదువులో ఏముండాలి అన్నదానికి ప్రమాణాలున్నాయి. ఒక్కో కాలేజీ తనకు తోచినట్టు రాసుకునేవి కావు. ఏసీఎం అని కంప్యూటర్ వృత్తిలో ఉన్నవాళ్ల సంఘం ఒకటి అమెరికాలో ఉంది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో ఏమేం చెప్పాలో ఆ సంఘం 1968లోనే ఒక పాఠ్యప్రణాళిక ప్రకటించింది. అప్పటికి మన దేశంలో కంప్యూటర్ అంటే కాన్పూర్ ఐఐటీ లాంటి ఏ కొద్ది చోట్లో గదంతా నిండిన యంత్రం. తర్వాత్తర్వాత ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ కూడా ఆ పనిలో కలిసింది. వృత్తి మారినప్పుడల్లా ప్రణాళికను తిరగరాస్తూ వస్తున్నారు. కంప్యూటర్ ఇంజనీరింగ్ కోసం 2016 పేరుతో ఒకటి వచ్చింది. అందులో సర్క్యూట్లు, యంత్రాల్లో ఇమిడిపోయే చిన్న కంప్యూటర్లు, ఇట్లా హార్డ్‌వేర్ పాలు ఎక్కువ. కంప్యూటర్ సైన్స్ కోసం 2023 పేరుతో ఇంకొకటి వచ్చింది. మన దగ్గర సీఎస్‌ఈ అని చెప్పేది చాలావరకు ఈ రెండోదానికి దగ్గర. అందులో 17 విభాగాలున్నాయి. అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా, నెట్‌వర్కులు, సెక్యూరిటీ, ఇట్లాంటివి. ఆ 17లో ఒక విభాగం మొత్తం సమాజం, నీతి, వృత్తి బాధ్యత గురించి. ఇది గుర్తు పెట్టుకోండి. మళ్లీ ఈ మాట దగ్గరికి వస్తాను.

ఇక మన దేశంలో ఎన్‌బీఏ ఉంది. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కింద 1994లో పుట్టింది. 2010లో సొంత కాళ్ల మీద నిలబడింది. న్యాక్ గుర్తింపు వేరు, ఇది వేరు. న్యాక్ కాలేజీ మొత్తాన్ని చూస్తుంది. ఎన్‌బీఏ ఒక్కో కోర్సును విడిగా చూస్తుంది. కాబట్టి ఒకే కాలేజీలో మెకానికల్‌కు గుర్తింపు ఉండి, సీఎస్‌ఈకి లేకపోవచ్చు. గేటు మీద ఎన్‌బీఏ అని పెద్ద అక్షరాలుంటే సరిపోదు. మీ బిడ్డ చేరే బ్రాంచికి ఉందా అని అడగాలి.

సరే, ఈ ప్రమాణాలు అసలు ఏం కొలుస్తాయి? దీనికి మన కల్లం దాకా పోదాం.

వడ్లు కొనుగోలు సెంటర్‌కు తెచ్చి కుప్ప పోస్తాం. కాంటా పెట్టకముందే ఏం చేస్తారు? తేమ చూస్తారు. 17 శాతం దాటితే "ఇంకా ఎండబెట్టు" అంటారు. పిట్లం సెంటర్‌లోనైనా అదే 17. ఎల్లారెడ్డి సెంటర్‌లోనైనా అదే 17. రైతు "నేను నాలుగు రోజులు ఎండబోసిన" అంటే ఆ మాట రాసుకోరు. కుప్పలోంచి పిడికెడు గింజలు తీసి మిషన్‌లో పోసి చూస్తారు. ఎన్ని రోజులు ఎండబోశావన్న లెక్క ఒకటి. గింజ ఎండిందా లేదా అన్నది ఇంకొకటి. తీరా కొనేవాడికి కావలసింది రెండోది.

ఇంజనీరింగ్ చదువును కూడా చాలా కాలం మొదటి లెక్కతోనే తూచారు. ఎన్ని గంటలు పాఠం చెప్పారు? లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయి? ఎన్ని కంప్యూటర్లున్నాయి? ఇవే అడిగేవారు. 1990ల చివరికి వచ్చేసరికి అమెరికాలో అబెట్ అనే గుర్తింపు సంస్థ పద్ధతి మార్చింది. ఏం చెప్పారన్నది పక్కన పెట్టి, విద్యార్థికి ఏం వచ్చిందో చూపించమంది. గింజను చూపించమంది. ఇవాళ మన ఎన్‌బీఏ అడిగేదీ అదే. నాలుగేండ్ల చివర విద్యార్థికి రావలసిన సామర్థ్యాలని ఒక పట్టిక ఉంటుంది. మొన్నటిదాకా 12 ఉండేవి. కొత్త పద్ధతిలో 11 చేశారు. వాటిని మీకు వరుసగా చదివి వినిపించను, రేడియోలో విని గుర్తుపెట్టుకునేవి కావు. రెండు ముక్కల్లో చెబుతాను. సగం దాకా సాంకేతికమైనవి. సమస్యను విడగొట్టి చూడడం, పరిష్కారం తయారు చేయడం, తగిన పనిముట్టు వాడడం. మిగతా సగం మనిషికి సంబంధించినవి. నలుగురితో కలిసి పనిచేయడం, అవతలివాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పడం, నీతి, సమాజం మీద తన పని ప్రభావం తెలిసి ఉండడం, కొత్తది తనంతట తాను నేర్చుకోవడం.

అంటే ప్రమాణం కూడా మన ప్రశ్ననే అడుగుతోంది. చదివినాక ఏం చేతనవుతుంది?

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక కోర్సు ఈ ప్రమాణానికి తూగుతుందో లేదో ఇంట్లో కూర్చుని ఎట్లా చూడాలి? మూడు కాగితాలు కావాలి. ఒకటి సిలబస్. రెండు పాత ప్రశ్నపత్రం. మూడు ల్యాబ్ రికార్డు. సిలబస్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రశ్నపత్రాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. ల్యాబ్ రికార్డు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో అదే కాలేజీలో చదివే సీనియర్ దగ్గర ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టండి. సిలబస్‌లో ఏం మాట ఇచ్చారు? పరీక్షలో ఏం అడిగారు? ల్యాబులో ఏం చేయించారు? ఈ మూడూ ఒకే మాట మీద ఉన్నాయా?

ఒక్క సబ్జెక్టు తీసుకుని చేసి చూద్దాం. డేటాబేస్. సమాచారాన్ని పద్ధతిగా దాచి, కావలసినప్పుడు తీసుకోవడం నేర్పే సబ్జెక్టు. ప్రపంచ ప్రమాణంలో ఉంది. మన దగ్గర చాలా కాలేజీలు అనుబంధంగా ఉన్న హైదరాబాద్ జేఎన్‌టీయూ సిలబస్‌లో ఉంది. ప్రతి కాలేజీలో ఉంది. పేరు దగ్గర లోటేమీ లేదు. సిలబస్ తెరవండి. "ఈ కోర్సు పూర్తయ్యాక విద్యార్థి డేటాబేస్‌ను రూపొందించగలుగుతాడు" అన్న అర్థంలో ఒక వాక్యం కనిపిస్తుంది. రూపొందించగలుగుతాడు. మంచి మాట. దీని కింద గీత గీయండి.

ఇప్పుడు ప్రశ్నపత్రం తీయండి. "నార్మలైజేషన్ అంటే ఏమిటి? ఒకటి, రెండు, మూడు నార్మల్ ఫారాలను ఉదాహరణలతో వివరించుము." ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు పరీక్ష ముందు రాత్రి గైడు చూసి బట్టీ పట్టవచ్చు. మార్కులూ వస్తాయి. కానీ అందులో రూపొందించింది ఏమిటి?

అదే విషయాన్ని ఇంకో తీరుగా అడగవచ్చు. మన కొనుగోలు సెంటర్ రిజిస్టరే తీసుకుందాం. రైతు పేరు, ఊరు, పాసుబుక్ నంబరు, బ్యాంకు ఖాతా, తేదీ, 40 కిలోల సంచులు ఎన్ని. ఒక రైతు సీజన్‌లో మూడుసార్లు వడ్లు తెచ్చాడు. మూడు వరుసల్లో మూడుసార్లు అతని ఖాతా నంబరు రాశారు. మధ్యలో అతను బ్యాంకు మార్చాడు. రాసే ఆయన ఒక వరుసలో దిద్దాడు, మిగతా రెండింటిలో మరిచిపోయాడు. ఇప్పుడు పైసలు ఏ ఖాతాలో పడతాయి? ఇట్లా జరగకుండా ఈ రిజిస్టర్‌ను ఎట్లా విడగొట్టి దాస్తావు? జవాబు తెలిసిన పిల్ల చెబుతుంది. రైతు వివరాలు ఒక పట్టికలో ఒకేసారి రాయాలి. తెచ్చిన వడ్ల వివరాలు ఇంకో పట్టికలో రాయాలి. రెండింటినీ కలపడానికి ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. నార్మలైజేషన్ అంటే స్థూలంగా ఇదే. బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. అర్థమైనవాడు ముందుకు పోతాడు.

ఇంకొంచెం లోపలికి పోదాం. ఆ గుర్తింపు సంఖ్యగా పాసుబుక్ నంబరు పెట్టామనుకోండి. మరి కౌలు రైతు సంగతి? అతని పేరు మీద పాసుబుక్ ఉండదు కదా. అతని వడ్లు ఈ పట్టికలో ఎక్కడికి పోవాలి? పోనీ ఆధార్ నంబరు పెడదామంటారా? దాన్ని ఎవరెవరు చూడవచ్చు? ఎన్నాళ్లు దాచవచ్చు? వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. ఆ చట్టం గురించి డేటాబేస్ క్లాసులో ఒక్క మాటైనా వినబడిందా? చూడండి, ఒక చిన్న రిజిస్టర్‌లోకి పోతే సాంకేతిక జ్ఞానం, సమాజం, నీతి మూడూ ఒకే చోట కలిశాయి. ప్రమాణాలు రాసినవాళ్లు 17లో ఒక విభాగం సమాజానికీ నీతికీ ఇచ్చింది అలంకారానికి కాదు. పట్టిక గీసే ఇంజనీరు కౌలు రైతును మరిచిపోతే, ఆ కౌలు రైతు సెంటర్‌లో సంచుల పక్కన నిలబడిపోతాడు.

మరి మన సిలబస్‌లలో ఈ భాగం ఎక్కడుంది? జేఎన్‌టీయూ ఆర్18, ఆర్22 నిబంధనల్లో, అంటే 2018లో, 2022లో వచ్చినవాటిలో, రాజ్యాంగం, లింగ సమానత్వం లాంటివి తప్పనిసరి కోర్సులుగా ఉన్నాయి. ఉండడం చాలా మంచిది. కానీ క్రెడిట్లు సున్నా. పాసైతే చాలు. క్రెడిట్ లేని సబ్జెక్టును పిల్లలు ఎట్లా చూస్తారో మీకు వేరే చెప్పాలా? నీతిని విడిగా ఒక గంటలో పెట్టి, డేటాబేస్‌ను విడిగా ఇంకో గంటలో పెడితే రెండూ కలవవు. డేటాబేస్ చెప్పేటప్పుడే ఆధార్ గురించి మాట్లాడాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

సెక్యూరిటీ సంగతీ ఇట్లాంటిదే. అవే నిబంధనల్లో జేఎన్‌టీయూ సీఎస్‌ఈకి క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ నాలుగో ఏట వస్తుంది. అప్పటికి పిల్లల ధ్యాసంతా ఉద్యోగ ఇంటర్వ్యూల మీద ఉంటుంది. 2023 ప్రమాణం మాత్రం భద్రత ఆలోచన చదువంతటా పారాలంటుంది. మొదటి ఏట ప్రోగ్రామ్ రాసేటప్పుడే "ఇక్కడ ఎవరైనా తప్పుడు అంకె కొడితే ఏమవుతుంది" అని అడగడం అలవాటు కావాలి. పల్లెల్లో ఇవాళ ఫోన్‌కు వచ్చిన లింకు నొక్కి ఖాతా ఖాళీ చేసుకుంటున్నవాళ్లున్నారు. మనం ఫోన్లలో వాడే సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లకు భద్రత నాలుగో ఏట గుర్తుకు వస్తే ఆలస్యమైనట్టే.

ల్యాబు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. క్రెడిట్ అన్న మాట వింటుంటారు. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్ మొత్తం 160 క్రెడిట్లకు వచ్చింది. జేఎన్‌టీయూ ఆర్18, ఆర్22 నిబంధనలూ ఆ 160తోనే నడిచాయి. వారానికి ఒక గంట పాఠమైతే ఒక క్రెడిట్. ల్యాబైతే రెండు గంటలకు ఒక క్రెడిట్. అంటే కాగితం మీద ల్యాబుకు గంటలు బాగానే ఉన్నాయి. ఆ గంటల్లో ఏం జరుగుతోంది? ఈ ఒక్క ప్రశ్నకు సిలబస్‌లో జవాబు దొరకదు. రికార్డులో దొరుకుతుంది. ముగ్గురు సీనియర్ల రికార్డులు తీసుకోండి. మూడింటిలోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకే ప్రోగ్రామ్, ఒకే జవాబు, ఒకే తప్పు కూడా ఉంటే, అక్కడ ఒకరు రాసింది అందరూ దించారు. మూడింటిలో మూడు తీర్లు ఉండి, ఎర్ర సిరాతో "ఇది ఎందుకు ఇట్లా రాశావు" అని అయ్యవారో అమ్మగారో ప్రశ్న రాసి ఉంటే, ఆ ల్యాబు పనిచేస్తోంది. మీకు ప్రోగ్రామ్ అర్థం కానక్కర లేదు. ఎర్ర సిరా చూస్తే చాలు.

చివరి ఏటి ప్రాజెక్టు దగ్గర కూడా ఇదే పరీక్ష. హైదరాబాద్‌లో తయారు ప్రాజెక్టులు కొనుక్కొచ్చే అలవాటు ఉందని అందరికీ తెలుసు. ఒక కాలేజీకి పరీక్షకుడిగా పోయినప్పుడు ఒక జట్టు ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చూపించింది. అట్ట మీద బంగారు అక్షరాలు, వంద పేజీల రిపోర్టు. "తెర మీద వచ్చే ఈ పచ్చ గీతను ఎర్ర గీత చేయి బాబూ" అన్నాను. ఏ వరుసలో మార్చాలో నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు. తర్వాత వచ్చిన అమ్మాయి ప్రాజెక్టు చాలా చిన్నది. వాళ్ల ఊరి పాలకేంద్రం లెక్కలు. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత. తెర అందంగా ఏమీ లేదు. కానీ ఏది అడిగినా వరుస చూపించి చెప్పింది. వెన్న శాతం గడిలో అక్షరం కొడితే ఏమవుతుందని అడిగాను. "మా బాపు అట్లనే కొట్టిండు సార్, అప్పుడు ఆగిపోయింది. తర్వాత సరిచేసిన" అంది. వాళ్ల బాపు చేత వాడించి చూసింది. వాడేవాళ్ల దగ్గర పరీక్షించి సరిచేయాలన్న పాఠం ఆ పిల్ల చేతల్లో ఉంది.

కాలేజీలు ఈ ప్రమాణాల లెక్కను ఎట్లా చూపిస్తాయో కూడా చెబుతాను. ప్రతి సబ్జెక్టుకూ ఒక పట్టిక ఉంటుంది. ఈ సబ్జెక్టు ఆ సామర్థ్యానికి ఎంత తోడ్పడుతుంది? కొద్దిగా అయితే ఒకటి. మధ్యస్థంగా అయితే రెండు. బాగా అయితే మూడు. అసలు లేకపోతే గీత. ఎన్‌బీఏ నిపుణులు వచ్చినప్పుడు ఈ పట్టికల్ని చూస్తారు. వాటితోపాటు జవాబుపత్రాలూ, రికార్డులూ తెప్పించుకుంటారు. విద్యార్థులతో, పూర్వ విద్యార్థులతో, తల్లిదండ్రులతో మాట్లాడతారు. పద్ధతి బాగుంది. కానీ పట్టిక ముందే నింపి, దానికి తగ్గట్టు మార్కుల లెక్క అల్లుకొచ్చే చోట్ల అదంతా వట్టి కాగితమే. పగలంతా పాఠం చెప్పి, రాత్రి కూర్చుని ఆ గళ్లు నింపే లెక్చరర్ల కష్టం నాకు తెలుసు. ఆ గంటల్లో సగం పిల్లల రికార్డు మీద ఎర్ర సిరాకు పెట్టనిస్తే ప్రమాణం తనంతట తానే పెరుగుతుంది.

చాలా కాలేజీల్లో ఇప్పుడు ప్రశ్నపత్రం మీద ప్రతి ప్రశ్న పక్కన ఒక మెట్టు సంఖ్య కూడా వేస్తున్నారు. అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త బృందం 1956లో చెప్పిన ఆరు మెట్లకు తర్వాత దిద్దిన రూపం ఇది. కింది మెట్టు గుర్తుంచుకోవడం. పై మెట్టు కొత్తది తయారు చేయడం. మీ పిల్లవాణ్ని ఆ సంఖ్యలు లెక్కపెట్టమనండి. అన్నీ ఒకటి, రెండు మెట్లలోనే ఉంటే, సిలబస్‌లో "రూపొందించగలుగుతాడు" అని రాసిన మాట అక్కడే ఆగిపోయింది. ఇంకో విషయం. జేఎన్‌టీయూ ఆర్18లో కాలేజీ చేతిలో ఉన్న అంతర్గత మార్కులు నూటికి 25. ఆర్22లో 40 అయ్యాయి. అంటే మంచి ప్రశ్న అడిగే అవకాశం కాలేజీకి పెరిగింది. మార్కులు ఊరికే పంచే అవకాశమూ పెరిగింది. ఏది జరుగుతోందో మిడ్ పరీక్ష పేపరు చూస్తే తెలిసిపోతుంది.

మాట తీరు గురించి ఒక మాట. ప్రమాణాల్లో కమ్యూనికేషన్ ఉందనగానే మన దగ్గర తెలుగు మీడియం పిల్లలు జంకుతారు. ఇంగ్లిష్ గడగడా మాట్లాడడమే కమ్యూనికేషన్ అనుకుంటారు. ప్రమాణం అడిగేది అది కాదమ్మా. చేసిన పనిని అవతలివాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలి, రిపోర్టు రాయాలి, బొమ్మ గీసి చూపించాలి, ఎదుటివాళ్లు చెప్పింది విని రాసుకోవాలి. పాలకేంద్రం పిల్ల చేసింది అదే. ఇంగ్లిష్ కావాలి, కాదనను. అది నాలుగేండ్లలో వస్తుంది. పల్లె పిల్లలకు ఈ చదువు అందనిదేమీ కాదు. మనకు దగ్గర్లోనే, బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి కాగానే పల్లె పిల్లలను చేర్చుకుని ఆరేండ్లు చదివించే చోటు. ఆ ఆలోచనకు రూపం ఇవ్వడంలో కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్‌రెడ్డి గారి పాత్ర పెద్దది. ఆయనా అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన పల్లె బిడ్డే.

ఇక కౌన్సెలింగ్‌కు పోయేముందు చూసుకోవలసిన కొన్ని సంగతులు.

కాలేజీ విశ్వవిద్యాలయానికి అనుబంధమా, అటానమసా అని అడగండి. అనుబంధ కాలేజీ అయితే సిలబస్, చివరి పరీక్ష విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి. అక్కడ మీరు చూడవలసింది ల్యాబు, ప్రాజెక్టు, మిడ్ పేపర్లు. అటానమస్ అయితే సిలబస్ కూడా వాళ్లదే, పరీక్ష కూడా వాళ్లదే. అక్కడ మూడు కాగితాలూ చూడాలి. ప్రశ్నపత్రం మరీ జాగ్రత్తగా చూడాలి.

ఈ తేడాకు ఇంకో ఫలితం కూడా ఉంది. చాలామందికి తెలియదు. 1989లో ఆరు దేశాల ఇంజనీరింగ్ సంస్థలు కలిసి వాషింగ్టన్ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీ గుర్తింపును ఇంకొకరు సమానంగా ఒప్పుకోవడానికి. 2014 జూన్‌లో ఎన్‌బీఏ ద్వారా మన దేశం అందులో పూర్తి సభ్యత్వం పొందింది. కానీ ఎన్‌బీఏ గుర్తింపులో రెండు శ్రేణులున్నాయి. విశ్వవిద్యాలయాలు, అటానమస్ కాలేజీలు టైర్ వన్ కిందికి వస్తాయి. మామూలు అనుబంధ కాలేజీలు టైర్ టూ కిందికి వస్తాయి. వాషింగ్టన్ ఒప్పందం వర్తించేది టైర్ వన్ కోర్సులకే. మళ్లీ చెబుతున్నాను. టైర్ వన్‌కే. విదేశంలో ఇంజనీరుగా స్థిరపడాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. "మాకు ఎన్‌బీఏ ఉంది, మా డిగ్రీ ప్రపంచమంతా చెల్లుతుంది" అని ఎవరైనా అంటే, ఏ టైరు అని అడగండి.

గుర్తింపుకు గడువు కూడా ఉంటుంది. ఒక్కోసారి మూడేండ్లు ఇస్తారు. బాగుంటే ఆరేండ్లు ఇస్తారు. కాలేజీ గోడ మీది బోర్డు గడువు తీరినా అట్లాగే ఉండవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, బ్రాంచి పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నీ ఉంటాయి. అక్కడి తేదీ చూడండి.

బ్రాకెట్ బ్రాంచీల విషయం. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. పేరు చూసి కంగారు పడకండి. ఆ బ్రాంచి సిలబస్‌నూ, మామూలు సీఎస్‌ఈ సిలబస్‌నూ పక్కపక్కన పెట్టండి. మొదటి రెండేండ్లు చాలావరకు ఒకటే. తేడా మూడు, నాలుగు ఏండ్లలో కనబడుతుంది. ఆ ప్రత్యేక సబ్జెక్టులు చెప్పడానికి ఎవరున్నారు, వాళ్లు ఏం చదివారు, ఇది అడగండి. పునాది సబ్జెక్టులు తీసేసి కొత్త పేర్లు నింపిన సిలబస్ కనబడితే మాత్రం ఆలోచించండి. అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్కులు రాని పిల్లకు ఏఐ పైపైనే ఉంటుంది. ఇవాళ ఏఐ ప్రోగ్రామ్ రాసి పెడుతోంది నిజమే. అది రాసింది సరైనదో కాదో చెప్పగలిగే చదువు మీ బిడ్డకు కావాలి.

డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా రెండో ఏట చేరే పిల్లలు కూడా ఈ మూడు కాగితాలు చూడాలి. మొదటి ఏట మిగతావాళ్లు నేర్చుకున్న ప్రోగ్రామింగ్ మీకు ఎంత వచ్చో ముందే సరిచూసుకోవాలి.

కాలేజీకి పోయిన రోజు ఆఫీసు గదిలోనే కూర్చుని రాకండి. "ఒకసారి ల్యాబు చూపిస్తారా" అని అడగండి. అక్కడున్న పిల్లల్లో ఎవరినైనా "ఏం చేస్తున్నావు బిడ్డా" అని తెలుగులోనే పలకరించండి. ఆ పిల్ల తెర మీద చూపించి తన మాటల్లో చెప్పనీయండి. మీకు సగమైనా అర్థమయ్యేట్టు చెప్పిందా, కాసేపు నిలబడి వినండి. ఆ తర్వాత రికార్డు అడిగి ఎర్ర సిరా చూడండి. ఇంటికి వచ్చి ఎన్‌బీఏ తేదీ, టైరు సరిచూసుకుని, అప్పుడు వెబ్ ఆప్షన్ల వరుస రాసుకోండి.